ఫోన్‌లో కెమెరా, ఆఫ్‌లైన్ రెండూ నడవాలంటే లోకల్ సర్వర్‌కు సర్టిఫికెట్ ఎట్లా పెట్టుకోవాలి

తమ్మీ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎనుమాముల మార్కెట్‌లో మీ మామ అడ్తి (కమీషన్) దుకాణం కోసం ఒక వెబ్ యాప్ చేస్తున్నావు. మిర్చి బస్తా మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్ కెమెరాతో చదివించి, కాంటా అయిన బరువు అక్కడికక్కడే ఎక్కించాలి, సీజన్‌లో జనం నిండిపోయి సిగ్నల్ ఆగిపోయినా యాప్ ఆగకూడదు. లాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ మీద, అంటే ఆ మెషీన్ తనను తానే పిలుచుకునే పేరు మీద, అన్నీ నడుస్తున్నాయి. అదే వైఫై మీద ఫోన్‌లో లాప్‌టాప్ అడ్రసు 192.168.1.7 కొట్టి తెరిస్తే కెమెరా రావట్లేదు. ఎవరో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ (సర్వర్ ఎవరిదో చెప్పే ఫైలు, సంతకం మనమే చేసుకున్నది) పెట్టుకోమంటే పెట్టావు, ఇప్పుడు హెచ్చరిక పేజీ వస్తోంది, దాన్ని నొక్కి లోపలికి పోతే కెమెరా వస్తోంది గానీ ఆఫ్‌లైన్ మాత్రం పని చేయట్లేదు.

సూటిగా చెప్పాలంటే, ఎంకేసెర్ట్ అనే టూల్‌తో నీ లాప్‌టాప్‌లోనే ఒక సొంత రూట్ (మిగతా సర్టిఫికెట్ల మీద సంతకం చేసే మూల సర్టిఫికెట్) తయారు చేసుకుని, దాన్ని నీ లాప్‌టాప్‌కూ నీ సొంత టెస్ట్ ఫోన్‌కూ మాత్రమే చూపించు. హెచ్చరికను నొక్కి దాటే అలవాటు మానెయ్. మిగతాదంతా ఇది ఎందుకు, ఎట్లా అన్నదే. నేను హనుమకొండలో చిన్న టీమ్‌తో ఇదే పని చేస్తుంటాను, మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అందరూ ఆగేది సరిగ్గా నువ్వు ఆగిన చోటే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

కెమెరా ఎందుకు రాలేదో ముందు చూద్దాం. కెమెరా, మైక్, లొకేషన్, సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా యాప్‌ను నడిపించే, వెనకాల ఉండే స్క్రిప్టు) లాంటివాటిని బ్రౌజర్లు సురక్షితమైన పేజీకి మాత్రమే ఇస్తాయి. క్రోమ్ 2015లో 47వ వెర్షన్ నుంచి కెమెరాను, 2016లో 50వ వెర్షన్ నుంచి లొకేషన్‌ను మామూలు హెచ్‌టీటీపీ పేజీలకు ఆపేసింది. లోకల్‌హోస్ట్‌కు, 127.0.0.1కు మాత్రం మినహాయింపు ఉంది, ఎందుకంటే ఆ మాటలు మెషీన్ దాటి బయటికి పోవు, మధ్యలో ఎవరూ వినలేరు. 192.168.1.7 అనేది వైఫై మీదుగా పోయే అడ్రసు, దానికి ఆ మినహాయింపు లేదు. అందుకే ఫోన్‌లో నీ కోడ్ అసలు కెమెరాను అడిగే దాకా కూడా పోలేదు: సురక్షితం కాని పేజీలో మీడియాడివైసెస్ అనే ఆబ్జెక్టే ఉండదు, అది అన్‌డిఫైన్డ్ అని ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. నీ కోడ్‌లో తప్పేమీ లేదు, ఫోన్ పాతదీ కాదు. అనుమానం ఉంటే కన్సోల్‌లో ఈజ్ సెక్యూర్ కాంటెక్స్ట్ విలువ అడిగి చూడు, ట్రూ వస్తే పేజీ వరకు సమస్య లేనట్టే.

ఇక్కడే ఒక దగ్గరి దారి ఉంది, చాలామందికి తెలియదు. నీ దగ్గర ఉన్నది ఒక్క ఆండ్రాయిడ్ ఫోనే అయితే, టేబుల్ దగ్గర కూర్చుని చేసే పనికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్, కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలుపు, లాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీకి వెళ్లి పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఫోన్ పోర్టు 5173, అటువైపు లోకల్‌హోస్ట్ 5173 అని రాయి. ఇప్పుడు ఫోన్‌లోనే లోకల్‌హోస్ట్ 5173 తెరిస్తే నీ లాప్‌టాప్ సర్వర్ వస్తుంది. ఫోన్ బ్రౌజర్‌కు అది లోకల్‌హోస్టే కాబట్టి కెమెరా ఇస్తుంది, సర్వీస్ వర్కర్‌నూ ఒప్పుకుంటుంది. ఏడీబీ (టెర్మినల్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే టూల్) అలవాటు ఉన్నవాళ్లు రివర్స్ కమాండ్‌తో ఇదే చేస్తారు. ఫోన్ కన్సోల్ కూడా లాప్‌టాప్‌లో కనిపిస్తుంది కాబట్టి రోజువారీ కోడింగ్‌కు నేను దీన్నే ముందు వాడమంటాను. కానీ కేబుల్ పట్టుకుని బస్తాల మధ్య తిరగలేవు, ఐఫోన్‌కు ఇది కుదరదు, నిజమైన హెచ్‌టీటీపీఎస్ మీద కుకీలు, లాగిన్ ఎట్లా ఉంటాయో దీనిలో తెలియదు. దానికి సర్టిఫికెట్ దారే పట్టాలి.

సెల్ఫ్ సైన్డ్ పెడితే హెచ్చరిక ఎందుకొస్తుంది? మీ మార్కెట్ సంగతితోనే చెప్తాను. రైతు చేతికి ఇచ్చే తక్‌పట్టీని (అమ్మకం లెక్క చీటీని) ఎవరైనా తెల్లకాగితం మీద రాసి, కింద తనే సంతకం చేసుకోవచ్చు, అందులో లెక్క సరిగ్గానే ఉండొచ్చు, కానీ దాన్ని తీసుకున్నవాడికి ఆ సంతకం ఎవరిదో తెలియదు. నమ్మకం వచ్చేది అందరూ ముందే ఒప్పుకున్న ముద్ర వల్ల. బ్రౌజర్ కూడా అంతే. విండోస్‌లో, ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ముందే ఒప్పుకున్న రూట్ సర్టిఫికెట్ల జాబితా ఒకటి ఉంటుంది. సైటు చూపించిన సర్టిఫికెట్ వాటిలో ఏదో ఒకదాని సంతకం దగ్గరికి చేరితేనే సరే అంటుంది. సెల్ఫ్ సైన్డ్‌లో గుప్తీకరణ తక్కువేమీ ఉండదు, అవతల ఉన్నది నీ లాప్‌టాపేనా లేక అదే వైఫైలో ఉన్న ఇంకెవరిదైనానా అని తేల్చే ఆధారమే ఉండదు.

హెచ్చరిక దాటి లోపలికి పోయినా ఆఫ్‌లైన్ ఎందుకు రాలేదంటావా, సర్టిఫికెట్‌లో లోపం ఉన్న సైటుకు క్రోమ్ సర్వీస్ వర్కర్‌ను రిజిస్టర్ చేయనివ్వదు. నువ్వు ఒప్పుకుని నొక్కినా సరే. అది న్యాయమే, ఎందుకంటే సర్వీస్ వర్కర్ ఒకసారి లోపల కూర్చుంటే ఆ సైటుకు పోయే ప్రతి రిక్వెస్ట్‌నూ అదే పట్టుకుంటుంది, ఒక్కరోజు తప్పుడు వైఫైలో ఎవరో పెట్టిన వర్కర్ ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోతుంది. కెమెరా వచ్చింది కదా సగం అయిపోయిందని అనుకోకు, ఆ దారిలో నీ యాప్‌లోని ముఖ్యమైన సగం ఎప్పటికీ రాదు. పైగా ఆ హెచ్చరికను చూడగానే నొక్కేసే చేతికి రేపు బ్యాంకు పేజీ మీద అదే హెచ్చరిక వచ్చినా ఆగే అలవాటు ఉండదు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ అనిపించేది ఇదే, డెవలపర్లమే దీన్ని పిల్లలకు నేర్పిస్తున్నాం.

సరే, పనిలోకి వద్దాం. ఎంకేసెర్ట్‌ను ఫిలిప్పో వాల్సోర్డా అనే క్రిప్టోగ్రఫీ ఇంజనీర్ 2018లో రాశాడు, ఉచితం, కోడ్ అంతా బయటే ఉంది. విండోస్‌లో చాకొలేటీ లేదా స్కూప్‌తో, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో, ఉబుంటులో మామూలు ఆప్ట్‌తోనే ఎక్కించుకోవచ్చు. కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషులో కొట్టాలని నీకు తెలుసు. మొదటి కమాండ్ ఎంకేసెర్ట్, తర్వాత ఖాళీ, తర్వాత హైఫన్‌తో ఇన్‌స్టాల్. ఇది రెండు పనులు చేస్తుంది: నీ మెషీన్‌లో కొత్త రూట్ సర్టిఫికెట్‌ను, దాని రహస్య కీని పుట్టిస్తుంది, తర్వాత ఆ రూట్‌ను సిస్టమ్ నమ్మే జాబితాలో చేరుస్తుంది. విండోస్‌లో ఈ రూట్‌ను చేర్చాలా అని ఒక బాక్సు అడుగుతుంది, అవునను. ఉబుంటులో అయితే ఇది నడపకముందే లిబ్ఎన్ఎస్ఎస్3 టూల్స్ ప్యాకేజీ వేసుకో, లేకపోతే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వాటి సొంత జాబితానే చూసుకుంటాయి కాబట్టి, టెర్మినల్‌లో కర్ల్ సరే అంటుంది, బ్రౌజర్ మాత్రం ఒప్పుకోదు, ఎక్కడ తప్పిందో తెలియక తల పట్టుకుంటావు. విండోస్ ఫైర్‌ఫాక్స్ సంగతి వేరు, 2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి అది సిస్టమ్‌లో మనం చేర్చిన రూట్‌లను తనే తెచ్చుకుంటోంది, పాతది ఉంటే అప్‌డేట్ చెయ్ చాలు.

ఇంకో చిక్కు, నువ్వు విండోస్ లోపల డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లోనే నడిచే లినక్స్‌లో) కోడ్ రాస్తూ బ్రౌజర్ విండోస్‌లో తెరుస్తుంటే ఎంకేసెర్ట్‌ను విండోస్ వైపు ఇన్‌స్టాల్ చెయ్, సర్టిఫికెట్ ఫైళ్లను లినక్స్ వైపుకు కాపీ చేసుకో. లినక్స్ లోపల ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ క్రోమ్‌కు ఆ విషయమే తెలియదు.

రెండో కమాండ్ అసలు సర్టిఫికెట్ కోసం. ఎంకేసెర్ట్ తర్వాత వరుసగా లోకల్‌హోస్ట్, 127.0.0.1, ఐపీవీ6 లోకల్ అడ్రసు, అంటే రెండు కోలన్లు, వాటి పక్కనే 1 అంకె, ఆ తర్వాత 192.168.1.7. మధ్యలో ఖాళీలు, అంతే. బ్రౌజర్‌లో నువ్వు ఏ పేరు, ఏ అడ్రసు కొడతావో అవన్నీ ఈ వరుసలో ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఓపెన్ఎస్ఎస్ఎల్ పాఠాలు కామన్ నేమ్ ఒక్కటి నింపమంటాయి, 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి ఆ గడిని బ్రౌజర్ చూడటమే మానేసింది, ఆల్టర్నేటివ్ నేమ్స్ జాబితా మాత్రమే చూస్తుంది. నువ్వు ఇంతకుముందు చేసిన సర్టిఫికెట్ ఆ పాఠాల ప్రకారం చేసిందైతే, రూట్‌ను ఎన్నిచోట్ల నమ్మించినా అది పనికిరాదు. ఈ కమాండ్ రెండు ఫైళ్లు ఇస్తుంది, ఒకటి సర్టిఫికెట్, ఇంకోటి కీ. వీటి గడువు 2 ఏళ్ల 3 నెలలు. ఊరికే పెట్టిన లెక్క కాదు, ఐఓఎస్ 13 నుంచి యాపిల్ 825 రోజులకు మించిన సర్వర్ సర్టిఫికెట్‌ను సొంత రూట్‌తో చేసినా ఒప్పుకోదు. పదేళ్లకు సరిపోయేట్టు చేసుకుందామని ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో 3650 రోజులు పెట్టినవాళ్లకు ఆండ్రాయిడ్‌లో నడిచి ఐఫోన్‌లో నడవకపోవడానికి కారణం ఇదే.

192.168.1.7 అనే అడ్రసు రేపు మారిపోతే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి, రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి నీ లాప్‌టాప్‌కు ఆ నంబరును శాశ్వతంగా కట్టెయ్. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తే అడ్రసు మారుతూనే ఉంటుంది, అప్పుడు కొత్త అడ్రసుతో రెండో కమాండ్ మళ్లీ కొడితే చాలు. రూట్ అదే కాబట్టి ఫోన్‌లో ఏదీ మార్చక్కర్లేదు. సొంత రూట్ పెట్టుకోవడంలో ఉన్న పెద్ద సుఖం ఇది.

ఫ్రంటెండ్‌ను నడిపే డెవ్ సర్వర్‌గా నువ్వు వీట్ వాడుతున్నానన్నావు. దాని కాన్ఫిగ్‌లో సర్వర్ కింద హెచ్‌టీటీపీఎస్ అనే చోట కీ ఫైలునూ సర్టిఫికెట్ ఫైలునూ చదివించి ఇవ్వు, హోస్ట్‌ను ట్రూ చెయ్, లేకపోతే సర్వర్ లాప్‌టాప్ లోపలే వింటుంది, వైఫై నుంచి వచ్చేవాళ్లకు తలుపు తెరవదు. బేసిక్ ఎస్ఎస్ఎల్ ప్లగిన్ పెట్టమని చాలామంది చెప్తారు, అది చేసేది మళ్లీ సెల్ఫ్ సైన్డే, నీ సమస్య అట్లాగే ఉంటుంది. ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ అయితే రెండు లైన్లు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కీ. క్యాడీ సర్వర్ అయితే లోకల్ పేర్లకు తన సొంత రూట్‌ను తనే చేసుకుంటుంది, నీకు ఎంకేసెర్ట్ కూడా అక్కర్లేదు. నెక్స్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో డెవ్ కమాండ్‌కు ఎక్స్‌పెరిమెంటల్ హెచ్‌టీటీపీఎస్ అని తగిలిస్తే వెనకాల ఎంకేసెర్ట్‌నే వాడుకుంటుంది. ఏది వాడినా సంగతి ఒకటే.

ఇది పెట్టగానే నీకు కొత్తగా ఒకటి విరుగుతుంది, ముందే చెప్తున్నాను. నీ బ్యాకెండ్ 8000 పోర్టు మీద మామూలు హెచ్‌టీటీపీలో ఉంది. హెచ్‌టీటీపీఎస్ పేజీ నుంచి 192.168.1.7 మీద హెచ్‌టీటీపీ అడ్రసును పిలిస్తే మిక్స్‌డ్ కంటెంట్ అని బ్రౌజర్ ఆపేస్తుంది. బ్యాకెండ్‌కూ ఇదే సర్టిఫికెట్ పెట్టొచ్చు గానీ, దానికంటే వీట్ ప్రాక్సీ వాడు: ఏపీఐ అని మొదలయ్యే ప్రతి దారినీ లాప్‌టాప్ లోపలి 8000కు పంపమని ఒక లైను రాస్తే, ఫోన్‌కు అంతా ఒకే అడ్రసులా కనిపిస్తుంది, మిక్స్‌డ్ కంటెంట్ పోతుంది, కార్స్ (వేరే అడ్రసు జవాబును బ్రౌజర్ ఆపే నియమం) గొడవ కూడా దానితోనే పోతుంది. ఫ్రంటెండ్ కోడ్‌లో పూర్తి అడ్రసులు రాసి ఉంటే తీసేసి, ఏపీఐ నుంచి మొదలయ్యే దారి మాత్రమే ఉంచు.

ఇప్పుడు ఫోన్. టెర్మినల్‌లో ఎంకేసెర్ట్ తర్వాత హైఫన్‌తో సీఏరూట్ అని పెద్దక్షరాల్లో కొడితే ఒక ఫోల్డర్ చూపిస్తుంది. అందులో రెండు ఫైళ్లుంటాయి. రూట్‌సీఏ పెమ్ అనేది ఫోన్‌కు పంపాల్సింది. రూట్‌సీఏ హైఫన్ కీ పెమ్ అనేది ఎవరికీ, ఎక్కడికీ పంపకూడనిది. ఈ రెండిటినీ కలిపి జిప్ చేసి వాట్సాప్‌లో పెట్టుకునేవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను, దాని సంగతి కింద మళ్లీ రాస్తాను.

ఆండ్రాయిడ్‌లో ఫైలు మీద నొక్కితే ఎక్కే రోజులు పోయాయి, ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్ లోపలి నుంచే చేయాలి. సెక్యూరిటీలో ఎన్‌క్రిప్షన్, క్రెడెన్షియల్స్ అనే చోట ఇన్‌స్టాల్ ఏ సర్టిఫికెట్, అందులో సీఏ సర్టిఫికెట్. కంపెనీని బట్టి మెనూ అటుఇటుగా ఉంటుంది, సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ అని వెతుకు, దొరుకుతుంది. నీ డేటా ప్రైవేటుగా ఉండదని పెద్ద హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని నిజంగా చదువు, అందులో ఉన్నది నిజమే. ఫోన్‌కు స్క్రీన్ లాక్ ఉండాలి. ఫైలు కనిపించకపోతే దాని చివర పెమ్ తీసేసి సీఆర్‌టీ అని మార్చి చూడు. తర్వాత క్రోమ్ పూర్తిగా మూసి తెరిస్తే పేజీ ఏ హెచ్చరికా లేకుండా వస్తుంది.

ఐఫోన్‌లో రెండు మెట్లు ఉంటాయి, రెండోదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ఫైలును ఎయిర్‌డ్రాప్ లేదా మెయిల్‌తో పంపి, సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయాలి. అంతటితో అది ఫోన్‌లో ఉన్నట్టే, నమ్మినట్టు కాదు. జనరల్, అబౌట్, అట్టడుగున సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్, అక్కడ నీ రూట్ పేరు పక్కన స్విచ్ ఆన్ చేస్తేనే సఫారీ ఒప్పుకుంటుంది.

తర్వాత కూడా రాకపోతే ఊహించుకుంటూ అన్నీ మార్చకు, పేజీలో ఉన్న ఎర్రర్ పేరు చదువు, మూడు ముక్కల్లో విషయం మొత్తం ఉంటుంది. అథారిటీ ఇన్‌వాలిడ్ అంటే ఈ పరికరానికి నీ రూట్ తెలియదు, సర్వర్‌లో వెతకడం దండగ, ఫోన్‌లో చూడు. కామన్ నేమ్ ఇన్‌వాలిడ్ అంటే రూట్‌ను నమ్మింది గానీ నువ్వు కొట్టిన అడ్రసు సర్టిఫికెట్ జాబితాలో లేదు, ఐపీ మారిందేమో చూసి మళ్లీ చేసుకో. డేట్ ఇన్‌వాలిడ్ అంటే గడువు అయిపోయింది, లేదా ఫోన్ గడియారం తప్పుగా ఉంది. ఈ మూడూ కాకుండా పేజీ తిరుగుతూ తిరుగుతూ టైమ్ అవుట్ అయితే అది సర్టిఫికెట్ విషయమే కాదు. విండోస్ ఆ వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుని ఫైర్‌వాల్ మూసి ఉంటుంది, మీ ఇంటి వైఫై అయితే ప్రైవేట్‌గా మార్చు. హాస్టల్, కాలేజీ వైఫైలలో ఒక పరికరానికి ఇంకో పరికరం కనిపించకుండా రౌటర్‌లోనే ఆపి ఉంచుతారు, అక్కడ నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, ఫోన్ హాట్‌స్పాట్‌కో కేబుల్ దారికో మారు.

ఆఫ్‌లైన్ పరీక్ష మాత్రం డెవ్ సర్వర్ మీద చేయకు. అక్కడ ఫైళ్లు విడివిడిగా, క్షణక్షణం మారుతూ వస్తాయి, సర్వీస్ వర్కర్ పాతవి పట్టుకుని కూర్చుంటే నువ్వు మార్చిన కోడ్ ఎందుకు రావట్లేదో తెలియక టెన్షన్ పడతావు. బిల్డ్ చేసి, వీట్ ప్రివ్యూ నడుపు, 4173 పోర్టు మీద వస్తుంది, సర్వర్‌కు ఇచ్చిన సర్టిఫికెట్‌నే అదీ తీసుకుంటుంది. ఫోన్‌లో ఒకసారి తెరిచి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, మళ్లీ తెరిచి చూడు.

ఇక ఆ కీ ఫైలు గురించి. నీ రూట్‌ను నమ్మిన పరికరం, ఆ కీతో సంతకం చేసిన ఏ సర్టిఫికెట్‌నైనా నమ్ముతుంది, ఏ సైటు పేరుతోనైనా. లోకల్‌హోస్ట్‌కు మాత్రమే అని అందులో హద్దు ఉండదు. అంటే ఆ కీ ఇంకొకరి చేతిలో పడితే, అదే వైఫైలో కూర్చుని నీ ఫోన్ బ్రౌజర్‌కు బ్యాంకు సైటు పేరుతో దొంగ పేజీ చూపించినా ఏ హెచ్చరికా రాదు. 2015 ఫిబ్రవరిలో సూపర్‌ఫిష్ వ్యవహారం బయటపడినప్పుడు ప్రపంచం చూసింది దీన్నే: లెనోవో లాప్‌టాప్‌లలో ముందే వేసిన ఒక ప్రకటనల సాఫ్ట్‌వేర్ తన రూట్‌ను చేర్చింది, అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకటే కీ, దాన్ని పరిశోధకులు తీసి బయటపెట్టారు, ఆ లాప్‌టాప్‌లు వాడేవాళ్ల హెచ్‌టీటీపీఎస్ అంతా ఒక్కసారిగా గాలికి పోయింది. కాబట్టి టీమ్ అందరికీ ఒకే రూట్ కీ పంచుకోవడం, గిట్‌లో పెట్టడం, డ్రైవ్‌లో పెట్టడం, వీటిలో ఏదీ వద్దు. ఎవరి మెషీన్‌కు వాళ్లు ఎంకేసెర్ట్ ఇన్‌స్టాల్ కొట్టుకుంటే అరనిమిషం పని. ప్రాజెక్టులోని మామూలు సర్టిఫికెట్, కీ ఫైళ్లను కూడా గిట్ ఇగ్నోర్‌లో రాయి.

అదే కారణంతో ఇంకో మాట, ఇది నేను బతిమాలి చెప్తున్నాను. మీ మామ ఫోన్‌లో, గుమస్తా ఫోన్‌లో, దడవాయిల (కాంటా వేసేవాళ్ల) ఫోన్లలో నీ రూట్ వేయకు. యాప్ చూపించడానికి ఇదొక్కటే దారి అనిపిస్తుంది, వాళ్లు నిన్ను నమ్మి ఫోన్ చేతికిస్తారు, కానీ ఆ హెచ్చరికకు అర్థం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నీ లాప్‌టాప్ పోయిన రోజు ఆ ఫోన్లన్నిటికీ ప్రమాదం వస్తుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు ఇట్లా చేర్చిన రూట్‌లను మామూలుగా నమ్మవు కాబట్టి బ్యాంకు యాప్‌ల వరకు కొంత రక్షణ ఉంది, బ్రౌజర్‌కు అది కూడా లేదు.

ఎక్కువ ఫోన్లలో చూపించాలంటే ఒక సొంత డొమైన్ కొనుక్కో. డీఎన్ఎస్‌లో (పేర్లను అడ్రసులకు కలిపే జాబితాలో) దాని కింద డెవ్ లాంటి ఒక పేరు పెట్టి 192.168.1.7కు చూపించు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దగ్గర డీఎన్ఎస్ పద్ధతిలో సర్టిఫికెట్ తీసుకో. వాళ్లు నీ సర్వర్ దగ్గరికి రానక్కర్లేదు, డొమైన్ నీదే అని డీఎన్ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టి చూపిస్తే చాలు, ఉచితంగా 90 రోజులకు ఇస్తారు, ఏ ఫోన్‌లోనూ ఏమీ వేయకుండానే నడుస్తుంది. లోకల్‌హోస్ట్‌కూ, నీ ఇంటి వైఫై అడ్రసుకూ నేరుగా అయితే వాళ్లు ఇవ్వరు, ఎందుకంటే అవి ప్రపంచంలో ఏ ఒక్కరివీ కావు. రెండు జాగ్రత్తలు: ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ పేరూ అందరూ చూడగలిగే లాగ్‌లో చేరుతుంది కాబట్టి రహస్యమైన పేర్లు పెట్టకు, ఇంకోటి, కొన్ని రౌటర్లు బయటి పేరు లోపలి అడ్రసుకు పోవడాన్ని దాడి అనుకుని ఆపేస్తాయి, దాన్ని రీబైండింగ్ ప్రొటెక్షన్ అంటారు, రౌటర్‌లో నీ డొమైన్‌కు మినహాయింపు ఇవ్వాలి.

హోస్ట్స్ ఫైలులో (ఏ పేరు ఏ అడ్రసుకు పోవాలో లాప్‌టాప్‌లోనే రాసుకునే ఫైలులో) మిర్చి డాట్ డెవ్ అని పెట్టుకున్నట్టు రాశావు. డాట్ డెవ్ గూగుల్ చేతిలో ఉన్న నిజమైన డొమైన్, 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63 నుంచి ఆ పేర్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌కే పోతాయి, సర్టిఫికెట్ సరిగా లేకపోతే దాటే బటన్ కూడా రాదు. డాట్ టెస్ట్‌కు మార్చు, 1999 నుంచి అది పరీక్షలకే కేటాయించి ఉంది, ఎవరూ కొనలేరు. మార్చాక ఆ పేరును కూడా రెండో కమాండ్ వరుసలో చేర్చి సర్టిఫికెట్ మళ్లీ చేసుకో. ఫోన్‌లో హోస్ట్స్ ఫైలు మార్చలేవు కాబట్టి ఆ పేరు లాప్‌టాప్‌కే పనికొస్తుంది.

నీ బ్యాకెండ్ ఎక్స్‌ప్రెస్‌లో హెల్మెట్ అనే భద్రతా ప్యాకేజీ ఉంటే ఇది గమనించు. అది హెచ్ఎస్‌టీఎస్ హెడర్ (ఇకపై ఈ సైటును హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని చెప్పేది) పంపుతుంది, సర్టిఫికెట్ చెడ్డగా ఉన్నన్నాళ్లూ బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, ఇప్పుడు సర్టిఫికెట్ సరైంది కాబట్టి పాత క్రోమ్ వెర్షన్ల లాంటివి లోకల్‌హోస్ట్ అంతటికీ గుర్తుపెట్టుకుంటాయి, పోర్టుతో సంబంధం లేదు, కొత్త క్రోమ్ మాత్రం లోకల్‌హోస్ట్‌కు దాన్ని పట్టించుకోదు. గుర్తుపెట్టుకునే బ్రౌజర్‌లో వారం తర్వాత ఇంకో ప్రాజెక్టును హెచ్‌టీటీపీ లోకల్‌హోస్ట్ 3000లో తెరిస్తే తెరుచుకోదు. డెవలప్‌మెంట్‌లో ఆ హెడర్ ఆపెయ్. ఇప్పటికే పడితే క్రోమ్ నెట్ ఇంటర్నల్స్‌లో హెచ్ఎస్‌టీఎస్ పేజీకి వెళ్లి లోకల్‌హోస్ట్‌ను డిలీట్ చెయ్.

నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపేది) స్క్రిప్టులు నీ హెచ్‌టీటీపీఎస్ సర్వర్‌ను పిలిచేటప్పుడు ఎర్రర్ వస్తే, నోడ్ దగ్గర తన సొంత రూట్ జాబితా ఉంటుందని గుర్తుంచుకో. నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సెర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు రూట్‌సీఏ పెమ్ దారి ఇవ్వు. పైథాన్ రిక్వెస్ట్స్‌కు అట్లాగే రిక్వెస్ట్స్ సీఏ బండిల్ అని ఉంది. రిజెక్ట్ అన్‌ఆథరైజ్డ్‌ను సున్నా చేయమని ఎవరు చెప్పినా వినకు, ఆ లైను ఎన్విరాన్‌మెంట్ ఫైలులో పడి అట్లాగే అసలు సర్వర్‌కు పోతుంది, అక్కడ రైతుల డబ్బు లెక్కలు పోయే దారిలో తనిఖీ మొత్తం ఆగిపోతుంది.

ప్రాజెక్టు అయ్యాక ఫోన్ సెట్టింగ్స్‌లో యూజర్ సర్టిఫికెట్ల జాబితా తెరిచి నీ రూట్‌ను తీసెయ్. లాప్‌టాప్ అమ్మేటప్పుడు లేదా వేరొకరికి ఇచ్చేటప్పుడు ఎంకేసెర్ట్ హైఫన్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టు, అది నమ్మకాన్ని మాత్రమే తీస్తుంది, కీ ఫైలు ఫోల్డర్‌లోనే ఉంటుంది, దాన్ని చేత్తో తుడిచెయ్యాలి. ఇవన్నీ చేశాక కూడా ఆగితే, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఎర్రర్ పూర్తి పేరు రాయి తమ్మీ, సాయంత్రం చూసి చెప్తాను.